టోపీ లేని కారు

ఆ ఆదివారం శ్రీరామ్మూర్తి పొద్దున్నే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం చూసి అతని భార్య చిట్టెమ్మ నవ్వాపుకోలేకపోయింది. పాత కారు బేరానికి వెళ్లే మనిషి పాత బట్టలు కట్టుకుంటాడు, బండి కిందికి దూరి చూడాలి కనక. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడంటే పెళ్లిచూపులకే వెళ్తున్నాడని లెక్క. ఆ మాట అనేసి ఊరుకుందా అంటే అదీ లేదు. రెండే సీట్లున్న బండిలో తనెక్కడ కూర్చోవాలి, పిల్లలెక్కడ కూర్చోవాలి, పోనీ ముందు చక్రాల మీద చెరో పక్కా కూర్చోమంటారా అని కూడా అడిగింది. శ్రీరామ్మూర్తి వినపడనట్టు చెప్పులేసుకున్నాడు.

పోర్టు వర్క్‌షాపులో ఫోర్‌మన్ అతను. ఎలమంచిలి పక్క పల్లెనుంచి మీసాలు రాని వయసులో వచ్చి, పడవల పలకల సందుల్లో నార కూరే పనిలో చేరి, సుత్తి పట్టి, రంగు డబ్బా మోసి, ఒక్కో మెట్టే ఎక్కి ఇంతవాడయ్యాడు. ఇన్నేళ్లూ తుప్పుతోనే అతని కాపురం. విశాఖపట్నంలో ఇనప వస్తువు కొన్నవాడు తుప్పుని కూడా ఇంటికి తెచ్చుకున్నట్టే. కిటికీ ఊచ, సైకిలు గొలుసు, నూతి గిలక, ఆ ఉప్పుగాలి దేన్నీ వదలదు. అతనుండే మల్కాపురంలో ఎవరు పాత స్కూటరు కొన్నా, ఇనప బీరువా కొన్నా, ముందు శ్రీరామ్మూర్తిని తీసుకెళ్లి చూపించడం మామూలు. వేలితో కొట్టి, చెవి ఒగ్గి విని, పనికొస్తుందో రాదో చెప్పేసేవాడు.

అలాంటి మనిషికి నలభై దాటాక ఈ కార్ల పిచ్చి ఏమిటని వీధిలో వాళ్లు నవ్వుకున్నారు. వాళ్లకి తెలియని సంగతేమిటంటే, అతనికి కార్ల పిచ్చి ఏనాడూ లేదు. ఉన్నదల్లా ఒక్క కారు మీద. అదీ నిన్నా మొన్నా పట్టుకున్నది కాదు.

రిఫైనరీలో పనిచేసిన ఇంగ్లీషు దొర ఒకాయన స్వదేశానికి వెళ్లిపోతూ దాన్ని కెప్టెన్ భీమశంకరరావు గారికి అమ్మేశాడు. కెప్టెన్ గారు గోదావరి వైపు మనిషి, హార్బరు పైలట్. సముద్రంలో ఆగిన ఓడల్ని డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి తెచ్చి రేవులో కట్టించడం ఆయన ఉద్యోగం. కారు ముక్కు మీద ఎం.జి. అని బిళ్ల. ముదురాకుపచ్చ రంగు. నిలబడితే మనిషి నడుం దాకా వచ్చేది, అంతే ఎత్తు. గుడ్డ కప్పు ఒకటి మడత పెట్టి ఉండేది గాని కెప్టెన్ గారు దాన్ని విప్పిన పాపాన పోలేదు. ఊళ్లో కుర్రాళ్లు దాన్ని టోపీ లేని కారు అనేవారు. రేసుల కోసం చేసిన ఇంజను. సింహాచలం ఘాటీ ఎక్కుతున్నప్పుడు దాని మోత కిందనుంచి వింటే చాలు, ఏ మలుపు దగ్గరుందో చెప్పొచ్చు. తెల్ల యూనిఫారం వేసుకుని ఆయన అందులో రేవు గేటు దాటుతుంటే పడవ మీద పని చేస్తున్న కుర్ర శ్రీరామ్మూర్తి చేతిలో సుత్తి ఆగిపోయేది. మేస్త్రీ తిట్టేవాడు. మళ్లీ మోత వినబడితే మళ్లీ ఆగేది.

ఒక వానాకాలం జ్ఞానాపురం వంతెన కింద నిలిచిన నీళ్లలోంచి వస్తుంటే, కారు అడుగునుంచి నీళ్లు పైకెక్కి కెప్టెన్ గారి తెల్లబూట్లు తడిసిపోయాయి. దిగి చూస్తే ఏముంది, అడుగు రేకుకీ, తలుపుల కింద అటూ ఇటూ ఉన్న గుమ్మాలకీ వేలు దూరేంత చిల్లులు. కారుతోపాటు పుట్టినవే. ఆయనకి ఒళ్లు మండింది. జన్మంతా ఓడల మీద గడిపిన మనిషి, అడుగున చిల్లున్న వస్తువుని ఎలా భరిస్తాడు? మర్నాడు వర్క్‌షాపుకి వచ్చి, నార కూరడంలో మంచి చెయ్యి ఎవరిదని అడిగి, శ్రీరామ్మూర్తిని వెంటబెట్టుకుని పెదవాల్తేరులో తనింటికి తీసుకెళ్లారు.

దేవుడి విగ్రహాన్ని ముట్టుకున్నంత భక్తిగా ముట్టుకున్నాడు శ్రీరామ్మూర్తి ఆ కారుని. ప్రతి చిల్లులోనూ తారులో నానబెట్టిన నార మెలిపెట్టి కూరాడు. దాని మీద చెక్క బిరడా కొట్టాడు. తుప్పు పట్టకుండా సిందూరం రంగు పూసి, అది ఆరాక, ఓడ అడుగున వేసే నల్ల తారు దట్టంగా పట్టించాడు. ఇక పరీక్ష. పడవ బాగుచేశాక చూసుకున్నట్టే కెప్టెన్ గారు స్వయంగా బొక్కెన తెచ్చి కారులో నీళ్లు పోశారు. ఆఫీసరూ కూలీ తేడా లేకుండా ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని కిందనుంచి చూశారు. చుక్క కారలేదు. "ఇప్పుడయిందోయ్ ఇది ఓడ" అని కెప్టెన్ గారు లేచి, ఆ నీళ్లు గుడ్డలతో పిండించేసి, పక్క సీటు తట్టి ఎక్కమన్నారు.

భీమిలి దాకా వెళ్లారు. ఇటు తాటితోపులు, అటు సముద్రం, మధ్యలో సన్నటి రోడ్డు. గాలికి కళ్లు తెరవడం కష్టమయింది, మూసుకోవడానికి మనసొప్పలేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర కెప్టెన్ గారు ఇంజను మోత పెంచితే శ్రీరామ్మూర్తి ఎందుకో గట్టిగా నవ్వేశాడు, పెద్దాయన పక్కన అలా నవ్వకూడదని గుర్తొచ్చినా ఆపుకోలేకపోయాడు. భీమిలిలో కొబ్బరిబొండాలు తాగుతుంటే అతని కళ్లు స్టీరింగు మీదే ఉండటం ఆయన కనిపెట్టారు.

"ఈసారి నువ్వే నడుపుదువుగానిలే" అన్నారు.

ఆ ఈసారి రాలేదు. గుర్తుచేద్దామంటే కుర్రాడికి నోరు రాలేదు. ఆయనకి ఓడల రద్దీ పెరిగింది. తర్వాత రిటైరయ్యారు, చూపు తగ్గింది, కారు షెడ్డుకెక్కింది. శ్రీరామ్మూర్తి ఈలోగా జీపు నేర్చుకున్నాడు, లారీ నేర్చుకున్నాడు, పోర్టులో క్రేను కూడా నడిపాడు. ఏది నడిపినా, చేతులు స్టీరింగు మీద పెట్టగానే భీమిలి రోడ్డే కళ్లముందుకొచ్చేది. నిరుడు కెప్టెన్ గారు పోయినప్పుడు వెళ్లి, దండం పెట్టి, తిరిగి వస్తూ షెడ్డు వైపు చూశాడు. చావింట్లో కారు వైపు చూసినందుకు సిగ్గుపడ్డాడు. మళ్లీ చూశాడు.

ఇప్పుడు కెప్టెన్ గారి భార్య కామేశ్వరి గారు ఆ కారు అమ్మేస్తున్నారు. కబురు తెచ్చినవాడు అల్లిపురంలో మెకానిక్ షెడ్డు నడిపే అబ్బులు, చిట్టెమ్మకి తమ్ముడు. శ్రీరామ్మూర్తిని తీసుకురమ్మని ఆవిడ మరీ మరీ చెప్పారట. బేరం పెద్దది కాదు గాని ఒక షరతు ఉంది. కొన్నవాళ్లు మొదటిరోజు ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి తీసుకెళ్లి తీసుకురావాలి.

ఆ షరతు విన్న దగ్గర్నించీ శ్రీరామ్మూర్తికి నిద్ర లేదు. భీమిలి అనే మాట ఆవిడ నోటినుంచి రావడంతో ఇది తనకోసం ఎప్పుడో రాసిపెట్టిన బేరమేననుకున్నాడు.

అబ్బులుని వెంటబెట్టుకుని వెళ్లేసరికి కామేశ్వరి గారు వరండాలో కుర్చీలు వేయించి ఉంచారు. కాఫీ ఇచ్చి, షరతు సంగతి ఆవిడే ఎత్తారు. అత్తగారున్న రోజుల్లో, కప్పు లేని కారులో జుట్టు ఎగురుతుంటే ఊరేగడం సంసారి ఆడదానికి తగదని ఇంట్లో కట్టడి. అత్తగారు పోయాక అడ్డేమీ లేదు. కాని అప్పటికి అలవాటే అడ్డయింది. ఆయన ఆదివారం ఆదివారం పిలిచేవారు. పప్పు పొయ్యి మీదుందనో, చుట్టాలొస్తారనో ఈవిడ సాకు చెప్పేవారు.

"ఈసారి వస్తానులెండి అనేదాన్ని. ఎప్పుడడిగినా అదే మాట. ఒక్కసారన్నా సరే అనాల్సింది" అన్నారు ఆవిడ. నవ్వుతూనే అన్నారు గాని, శ్రీరామ్మూర్తి ఆవిడ మొహంలోకి చూడలేక తన చేతిలో గ్లాసు వైపు చూశాడు.

షెడ్డు తలుపు తీశారు. కారు మిలమిల్లాడుతోంది. ఆకుపచ్చ రంగు చెక్కు చెదరలేదు. ఆయన ఎలా చెప్పారో అలాగే ఇప్పటికీ వారం వారం పనిమనిషి చేత లోపలా బయటా బొక్కెన్లతో నీళ్లు పోయించి కడిగిస్తున్నానని ఆవిడ గర్వంగా చెప్పారు. శ్రీరామ్మూర్తి బానెట్టు మీద చెయ్యి వేశాడు. దీపాల చుట్టూ తట్టాడు. మంచి రేకు ఖంగుమంది. ముందు చక్రం పైని మడ్‌గార్డు తట్టాడు, అక్కడా ఖంగుమంది. నలుగురికీ తుప్పు చూసిపెట్టే మనిషి ఆవేళ ఎక్కడ తడితే మంచి మాట వినబడుతుందో అక్కడే తట్టుకుంటూ తిరిగాడు. తనకి తెలుసు ఆ సంగతి. తెలిసే తిరిగాడు.

అబ్బులు పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం గుడ్డలో చుట్టి తెచ్చాడు. రేకున్న చోట అది అంటుకుంటుంది, రేకు పోయి పుట్టీ నింపిన చోట జారిపోతుంది. బావగారి వాలకం కాసేపు చూసి వాడికి నవ్వొచ్చింది.

"బావా, నువ్వు పెళ్లికూతురి మొగం సూత్తన్నావు. నాను కాళ్లు సూడాల" అని గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు.

శ్రీరామ్మూర్తి ఎడంపక్క తలుపు తీశాడు. తను కూర్చున్న సీటు అదే. తీయగానే తలుపు ఒక వేలెడు కిందికి దిగిపోయింది. మూయబోతే పైకెత్తి మూయాల్సి వచ్చింది. బందు అరిగిందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఇదే తలుపు ఇంకొకడి కారుదైతే, బందు కాదు నాయనా, నడుమే వంగింది, వదిలేసి ఇంటికి పద అనేవాడు.

కిందనుంచి అయస్కాంతం తగులుతున్న చప్పుడు కాసేపు వినబడింది. తర్వాత గోకుతున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

"బావా, ఓపాలి ఇలగ రా."

ఇస్త్రీ చొక్కాతోనే శ్రీరామ్మూర్తి కిందికి దూరాడు. అబ్బులు టార్చి వేసి చూపించాడు. ఈ బండికి లారీలకున్నట్టు విడిగా ఛాసీ లేదు. తలుపుల కింద అటూ ఇటూ ఉన్న బోలు గుమ్మాలే దాని వెన్నెముక. వాటి మీద నల్లటి తారు, కెప్టెన్ గారు ఏటేటా పూయించిన పూత మీద పూత. అబ్బులు ఒకచోట అది గోకేశాడు. లోపల గుండ్రంగా చెక్క కనబడుతోంది.

"నీరు ఎల్డానికి కంపెనీవోడు ఇచ్చిన సిల్లులియ్యి. ఎవుడో నార కూరి, బిరడాలు కొట్టి, తారు పూసీసేడు. టాపు నేని బండి, పైనుంచి పడ్డ వాన, కడిగిన నీరు, అంతా లోనే ఉండిపోనాది. ఏ మారాజు సేసేడో గాని బావా, బండిని బతికుండగానే పాతీసేడు."

వాడి గొంతు పెద్దది. షెడ్డు గుమ్మంలో నిలబడ్డ కామేశ్వరి గారికి వినబడింది, కాని నార, బిరడాలు అన్న ముక్కలే అందినట్టున్నాయి. ఆవిడ మొహం విప్పారింది.

"ఆ పని శ్రీరామ్మూర్తి గారిదే నాయనా. బొక్కెనెడు నీళ్లు పోస్తే చుక్క కారలేదుట. అంత పనివాణ్ని చూళ్లేదని మావారు పోయేదాకా చెప్పుకున్నారు. అందుకే కదా ముందు ఆయన్నే పిలిపించాను" అన్నారు.

అబ్బులు టార్చి ఆర్పేశాడు. పక్కకి తిరిగి లేని స్పానర్ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

శ్రీరామ్మూర్తి స్క్రూడ్రైవరు తీసుకుని బిరడా సందున పెట్టి తిప్పాడు. అది ఊడి రావడానికి చాలాసేపు పట్టింది, అంత గట్టిగా కొట్టాడు మరి ఆ రోజుల్లో. బిరడా వెనకాల నార వచ్చింది. ఎడం చేతివాటంగా వేసిన మెలి, అది తన మెలే, ఇంకా విడలేదు. నార వెనకాల ఎర్రటి నీళ్లు వచ్చాయి. మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పాకాయి. నీళ్ల వెనక చిక్కటి తుప్పు బురద దిగడం మొదలయింది, దిగుతూనే ఉంది. గుమ్మాన్ని స్క్రూడ్రైవరుతో కొంచెం నొక్కాడు. తడి అప్పడం చిరిగినట్టు చప్పుడే లేకుండా రేకు చిరిగి, మొన లోపలికి దిగిపోయింది. ఆ బండి కింద వెల్లకిలా పడుకున్నవాడికి ఏడుపొచ్చింది. లారీ కింద పడ్డ మనిషిని చూసినా ఏడవని మనిషి.

కొత్త రేకులు కోసి అతికితే? అబ్బులుని గుసగుసగా అడిగాడు. బండిని పైకెత్తితే నడుం దగ్గర రెండుగా మడతపడిపోతాదని వాడు అంతకన్నా చిన్న గొంతుతో చెప్పాడు. ఎడంపక్క అడుగు రేకు మనిషి కాలికి కూడా ఆగదట. కుడిపక్క కాస్త ప్రాణముందట.

అప్పుడు శ్రీరామ్మూర్తికి ఒక పాపపు ఆలోచన వచ్చింది. బ్యాటరీ మార్చి, పెట్రోలు పోసి, నెమ్మదిగా పోనిస్తే? ఆవిడ పిట్టంత మనిషి. ఒక్క భీమిలి. తన చేతుల్లో ఆ స్టీరింగు, పక్కన ఆవిడ, ఇద్దరి కోరికా ఒక్కపూటలో తీరిపోతుంది. ఆ తర్వాత బండి ఏమైతేనేం? నిండా ఆశపడ్డాడు. తారు వాసన పీలుస్తూ మనసులోనే ఆ రోడ్డంతా మలుపు మలుపునా వెళ్లొచ్చాడు. దిబ్బల దగ్గర దిగుడు వచ్చేసరికి పక్క సీటు కింద రేకు విడిపోవడం కూడా కనబడింది. ఆశ అక్కడ ఆగిపోయింది. బయటికి పాకి వచ్చి, తారూ తుప్పూ అంటిన చొక్కాతో ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఓడకి అడుగున సిల్లుండకూడదండి. కారుకి ఉండాలండి. నాను ఓడల పని సేసిన సేత్తో దీనికీ మూసీసేనండి. నీరు లోన ఉండిపోయి మొత్తం తినీసిందండి. ఇది ఇద్దర్ని ఎక్కించుకుని రోడ్డెక్కదండి ఇంక."

కామేశ్వరి గారు వచ్చి, కారు తలుపు మీద చెయ్యి వేశారు. వారం వారం కడిగించిన నీళ్ల సంగతి ఆవిడకి అప్పుడు తట్టినట్టుంది, చేతిని వెనక్కి తీసుకుని మళ్లీ అక్కడే వేశారు.

"ఆయనకి తెలుసా ఈ సంగతి?"

"తెలీదండి. ఇద్దరికీ తెలీదండి. నీరు కారనేదని ఇద్దరం సంబరపడిపోయేం."

"అయితే పోనీలెండి. ఆ సంబరంతోనే వెళ్లిపోయారు." గేటు వైపు చూసి, "భీమిలి ఇంక లేదన్నమాట" అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

ఆ మాటకి శ్రీరామ్మూర్తి నిలబడలేకపోయాడు. అటూ ఇటూ చూశాడు. షెడ్డు మూల ఒక టేకు పలక ఉంది. దాన్ని తెచ్చి, అబ్బులు సాయంతో కుడిపక్క సీటు కింద అడ్డంగా దూర్చాడు. చక్రాల్లో గాలి నొక్కి చూశాడు. చేతి బ్రేకు వదిలాడు. అప్పుడు చొక్కా అంచుతో సీటు తుడిచి, ఒక్క మనిషికైతే ఫరవాలేదని, ఆవిణ్ని కూర్చోమన్నాడు.

"అది ఆయన సీటు" అన్నారు కామేశ్వరి గారు. అని, కాసేపు దాని వైపే చూసి, చీరకుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లోపలికి దిగి కూర్చున్నారు. స్టీరింగు మీద ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది వేశారు.

శ్రీరామ్మూర్తి వెనక్కి వెళ్లి భుజం ఆనించాడు. అబ్బులు కూడా రాబోతే వద్దని తల ఊపాడు. కారు కిర్రుమని కదిలింది. షెడ్డు నీడలోంచి ఎండలోకి వచ్చింది. ఇంటినుంచి గేటు దాకా కంకర బాట, అక్కడినుంచి చూస్తే బీచి రోడ్డూ, దాని అవతల సముద్రమూ. అతను వంగి తోస్తున్నాడు. నడపాలని ఇన్నేళ్లు కలగన్న కారు, వెనకనుంచి నెడుతుంటే తేలిగ్గా, తన మాట విన్నట్టే పోతోంది. తల ఎత్తినప్పుడల్లా ఎదురుగా ఎడంపక్క ఖాళీ సీటు కనబడుతోంది. సముద్రపు గాలి ఎదురొచ్చి ఆవిడ ముడి వదులు చేసింది. తెల్లజుట్టు పాయలు పాయలుగా లేచి ఎగరసాగింది. ఆవిడ సర్దుకోలేదు.

"భీమిలి ఎటండీ?" అని అడిగారు వెనక్కి తిరగకుండానే.

"ఎడం సేతి పక్కకండి."

ఆవిడ స్టీరింగు ఎడంపక్కకి తిప్పారు. ముందు చక్రాలు బుద్ధిగా అటు తిరిగాయి. గేటుకి కాస్త ఇవతల శ్రీరామ్మూర్తి కాళ్లు నేలకి తన్నిపెట్టి బండిని ఆపాడు. ఆవిడ చాలాసేపు అలాగే కూర్చుని సముద్రం వైపు చూశారు. అతను వెనకాల ఊపిరి తీసుకుంటూ, చెయ్యి బండి మీదనుంచి తీయకుండా నిలబడ్డాడు.

దిగేటప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆ సీటు చూపించి అన్నారు. "మీచేత నడిపిస్తానన్న మాట మావారు నాకు చెప్పారు. రండి, మీరూ కూర్చోండి. అబ్బులూ నేనూ తోస్తాం."

పలక ఆవిడ బరువుకే వంగి ఉంది. శ్రీరామ్మూర్తి ఆ సంగతి చూశాడు, చెప్పలేదు.

"ఈసారి కూకుంటానండి అమ్మగారూ" అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూశారు. ఆ మాట ఎంతకాలం మోయాలో ఆవిడకి తెలియంది కాదు. ఒక రాయి వెతికి తెచ్చి ఇచ్చారు. శ్రీరామ్మూర్తి వంగి దాన్ని ముందు చక్రం కింద పెట్టాడు.